అగ్నిశేషం

‘మనమంతా నక్షత్రధూళి’ అనే మాట ఈమధ్య ఎక్కడ చూసినా కనిపిస్తోంది. కవితా సంపుటాల వెనక అట్టల మీద, టీషర్టుల మీద, ఇన్‌స్టా బయోల్లో. ఒక పెళ్ళి శుభలేఖ మీద కూడా చూశాను. కార్ల్ సేగన్ టీవీలో చెప్పి జనంలోకి తెచ్చిన ఈ మాటలో సైన్సుపరంగా తప్పేం లేదు. మన ఎముకల్లో కాల్షియం, నెత్తుట్లో ఇనుము, పీల్చే ఆక్సిజన్ అన్నీ ఏవో నక్షత్రాల కడుపుల్లో ఉడికినవే. నా గొడవల్లా ఆ మాట మరీ తేలిగ్గా నోరు తిరగడంతోనే. ధూళి అనగానే ఏదో మెరుపు పొడి చల్లినట్టు ఉంటుంది. ఆ ధూళి రావాలంటే ముందు ఒక నక్షత్రం పేలాలి. పేలినప్పుడు దాని చుట్టుపక్కల ఎవరున్నారు అని ఈ టీషర్టు అడగదు.

అడిగిన కథ ఒకటుంది. ఆర్థర్ సి. క్లార్క్ రాసిన ‘ది స్టార్’. 1955 నవంబరులో ‘ఇన్ఫినిటీ సైన్స్ ఫిక్షన్’ అనే అమెరికన్ పత్రికలో వచ్చింది. మరుసటేడాది హ్యూగో అవార్డు తెచ్చుకుంది. క్లార్క్ అనగానే మనవాళ్ళకి ‘2001’ సినిమానో, శ్రీలంకలో స్థిరపడ్డ దొరగారనో గుర్తొస్తుంది కానీ, నా లెక్కలో ఆయన రాసినవాటిలో అన్నిటికంటే పదునైనది నాలుగైదు పేజీల ఈ కథే. దీని చివరి వాక్యం ముందే తెలిస్తే సగం కథ పోతుంది. చదవనివాళ్ళు ఇక్కడ ఆగి చదివొస్తే మంచిది. ఒక టీ తాగేంతసేపు పడుతుంది, అంతే. ఇక్కణ్ణించి నేనేమీ దాచను.

కథ చెప్పేది ఒక జెస్యూట్ ఫాదరీ. ఆయనే ఆ అంతరిక్ష నౌకకి ప్రధాన ఖగోళ శాస్త్రవేత్త కూడా. భూమికి 3000 కాంతి సంవత్సరాల దూరంలో, ఫీనిక్స్ నెబ్యులా అనే సూపర్నోవా శేషాన్ని చూసి తిరిగొస్తున్నారు. ఫాదరీ తన కేబిన్లో కూర్చుని గోడ మీద శిలువను చూస్తుంటాడు. ఆ శిలువ కింద కంప్యూటర్. మార్క్ 6 అని దానికో మోడల్ నంబరు కూడా ఇచ్చాడు క్లార్క్. బల్ల మీద పరికరాలు గీసిన గ్రాఫులు. ఇంకో గోడ మీద జెస్యూట్ సంఘాన్ని స్థాపించిన లొయోలా బొమ్మ, రూబెన్స్ గీసినదాని ప్రతి. గది మొత్తం ఇంతే. శిలువ, కంప్యూటర్, గ్రాఫులు, గురువుగారి పటం. పెద్ద పెద్ద నవలలు మూడొందల పేజీల్లో ‘మతమా సైన్సా’ అని కొట్టుకునే తగువుని ఈయన గది సామాను లిస్టులో తేల్చేశాడు.

అసలు తగువేం లేదని కూడా ముందే చెప్తాడు. నౌకలో మిగతావాళ్ళకి ఈయన్ని చూస్తే సరదా. ఫాదరీ ఏంటి, ఆస్ట్రోఫిజిక్స్ ఏంటి అని. ఈయన నొచ్చుకోడు. తన పేపర్లు ఎన్ని, ఏ పత్రికల్లో వచ్చాయి గుర్తు చేసి ఊరుకుంటాడు. ఇది కల్పన కాదు. 1572లో కాసియోపియాలో కొత్త చుక్క పుట్టినప్పుడు, అది చందమామకి ఇవతల కాదు, స్థిర నక్షత్రాల మధ్యనే ఉందని ఒప్పుకున్నవాళ్ళలో క్లావియస్ అనే జెస్యూట్ ఉన్నాడు. 19వ శతాబ్దంలో నక్షత్రాల వర్ణపటాలని చూసి వాటిని జాతులుగా విడదీసిన ఆంజెలో సెక్కీ జెస్యూటే. కాబట్టి ఈ కథలో ఫాదరీ విశ్వాసానికీ, ఉద్యోగానికీ నడుమ నలుగుతున్న మనిషి కాడు. రెండిట్లోనూ హాయిగా ఉన్న మనిషి. పడేది అలాంటివాడు కాబట్టే మనకి ఆ దెబ్బ తెలుస్తుంది.

అక్కడ వాళ్ళకి దొరికిందేంటంటే, పేలిన నక్షత్రానికి బాగా దూరంగా, మన ప్లూటోలాగా తిరుగుతున్న చిట్టచివరి గ్రహం. లోపలి గ్రహాలన్నీ ఆవిరైపోయాయి, ఇదొక్కటి మాడి మిగిలింది. దాని మీద ఒక స్తంభం, కరిగిపోయిన కొవ్వొత్తి మొదలులాగా. దాని కింద నేలమాళిగ. తమ సూర్యుడు పేలబోతున్నాడని ముందే తెలిసిన ఒక జాతి, తమ గ్రహాల మధ్య తిరగగలిగి నక్షత్రాల మధ్య తిరగలేని ఒక జాతి, తమ శిల్పాలూ సంగీతమూ బొమ్మలూ పుస్తకాలూ అన్నీ అక్కడికి చేర్చి పెట్టింది, ఎప్పటికైనా ఎవరో ఒకరు వస్తారని. ఆ రికార్డుల్లో పిల్లలు ఒక బీచిలో ఆడుకుంటుంటారు. ఇసక నీలం రంగులో ఉంటుంది.

ఇప్పుడు ఫాదరీ పని. పేలుడు ఎప్పుడు జరిగిందో లెక్క కట్టాలి. కట్టాడు. దాని వెలుగు భూమికి ఏ ఏడు చేరిందో కూడా కట్టాడు. తూర్పు దేశపు జ్ఞానులకి దారి చూపించిన తార అదే. మనకి ఒక శుభవార్త చూపించడానికి దేవుడు అంటించిన దీపంలో చమురు, ఆ బీచిలో పిల్లలు.

డిసెంబర్ వస్తే మన ఊళ్ళలో క్రైస్తవుల ఇళ్ళ ముందు కాగితపు నక్షత్రం ఒకటి లోపల బల్బుతో వేలాడుతుంది కదా. ఈ కథ చదివిన తర్వాత దాన్ని మామూలుగా చూడ్డం కొంచెం కష్టం. క్రైస్తవులు కానివాళ్ళకి కూడా.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. నాకు ఆసక్తి ఈ ‘లెక్క’ దగ్గర మొదలవుతుంది.

ఇంగ్లీషులో సూపర్నోవా రెమ్నెంట్ అంటారు. తెలుగులో ‘శేషం’ అనడం నాకిష్టం. భాగహారంలో చివర మిగిలేది శేషమే, మన పెద్దవాళ్ళు ఉంచకూడదన్న మూడింట్లోనూ ఉన్నది శేషమే. ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం. ఆకాశం ఈ మాట వినలేదు. అగ్నిశేషాలని వేల ఏళ్ళు అలాగే ఉంచుతుంది. నక్షత్రం పేలినప్పుడు దాని పైపొరలు సెకనుకి వేల కిలోమీటర్ల వేగంతో బయటికి దూసుకుపోతాయి, దార్లో ఉన్న పల్చటి వాయువుని ఢీకొట్టి వేడెక్కిస్తాయి, ఆ వేడికి ఎక్స్ కిరణాల్లోనూ రేడియోలోనూ వెలుగుతాయి. కొన్ని వేల ఏళ్ళకి వేగం తగ్గి, సన్నటి దారపు పోగుల్లా విడిపోతాయి. హంస రాశిలో వీల్ నెబ్యులా అని ఒకటుంది, అచ్చం చిరిగిన మేలిముసుగులా ఉంటుంది. ఆకాశంలో ఆ శేషం మొత్తం వెడల్పు నిండు చందమామకి ఆరు రెట్లు. కంటికి మాత్రం కనిపించదు. తర్వాత ఇంకొన్ని వేల ఏళ్ళకి చుట్టూ ఉన్న వాయువులో కలిసిపోయి, అక్కడ ఏదో జరిగిందన్న ఆనవాలు కూడా పోతుంది.

మా సాఫ్ట్‌వేర్లో సర్వరు పడిపోతే చివరి క్షణంలో మెమరీలో ఏముందో ఒక ఫైల్లోకి పోసి పోతుంది. తెల్లారి దాన్ని ముందేసుకుని కూర్చుని ఏం జరిగిందో వెనక్కి కట్టుకుంటూ రావాలి. ఖగోళ శాస్త్రవేత్తలు శేషంతో చేసేది కూడా ఇదే. ఈ ముక్క ఇప్పుడు ఇంత దూరంలో ఉంది, ఇంత వేగంతో పోతోంది, కాబట్టి ఇన్నేళ్ళ క్రితం మధ్యలో ఉండుండాలి. ఎనిమిదో తరగతి లెక్క. కానీ ఎనిమిదో తరగతి లెక్కలు నిజం ఆకాశంలో అంత బుద్ధిగా ఉండవు. అందుకు పెద్ద ఉదాహరణ అన్నిటికంటే ప్రసిద్ధమైన శేషమే, క్రాబ్ నెబ్యులా.

1054 జులై 4న వృషభ రాశిలో, తెల్లవారుజామున ఒక కొత్త చుక్క కనిపించిందని చైనా ఆస్థాన జ్యోతిష్కులు రాసుకున్నారు. వాళ్ళు అలాంటివాటిని ‘అతిథి తార’ అంటారు. ఎంత మంచి మాటో! పిలవకుండా వచ్చి, కొన్నాళ్ళుండి, వెళ్ళిపోయేది. ఆ అతిథి 23 రోజులు పట్టపగలు కూడా కనపడింది. రాత్రిళ్ళు దాదాపు 21 నెలలు ఉండి వెళ్ళిపోయింది. తర్వాత 1731లో జాన్ బెవిస్, 1758లో మెస్సియే అక్కడ ఒక మసక మచ్చ చూశారు. 1840ల్లో లార్డ్ రాస్ దాని బొమ్మ గీస్తే పీతలా వచ్చింది, పేరు ఉండిపోయింది. 20వ శతాబ్దం వచ్చాకగానీ ఆ మచ్చ పెద్దదవుతోందనీ, ఆ మచ్చా ఆ అతిథీ ఒకటేననీ తేలలేదు. అలా ముడిపెట్టినవాళ్ళలో ఎడ్విన్ హబుల్ కూడా ఉన్నాడు, 1928లో.

1054 అంటే మనకి రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కాలం. నన్నయ రాసిన నందంపూడి శాసనానికి ఒక్క ఏడాది తర్వాత. చైనాలో పట్టపగలు కనిపించిన చుక్క గోదావరి మీద మాత్రం ఎందుకు కనిపించదు? కాకపోతే జులై నెల, మబ్బుల కాలం. నన్నయ ఆఖరి పద్యం శరత్కాలపు రాత్రి మీద, చుక్కల మీదేనని మనందరికీ తెలుసు. ఆ పద్యానికీ ఈ చుక్కకీ ముడిపెట్టి వాట్సాప్ పండితులకి పని కల్పించే ఉద్దేశం నాకు లేదు. ఆ ఏటి శరత్తులో ఎవరు తలెత్తినా ఆ అతిథి కూడా పైన ఉందని మాత్రం చెప్తున్నా.

సరే, లెక్క. 1968లో వర్జీనియా ట్రింబుల్ అనే శాస్త్రవేత్త క్రాబ్ నెబ్యులా పోగులన్నిటి వేగాలనీ పాత ఫోటో ప్లేట్ల మీద కొలిచి, వెనక్కి నడిపించి చూసింది. పేలుడు తారీకు 1054 రాలేదు. 1140 ప్రాంతం వచ్చింది. తప్పు ఆవిడది కాదు. ఆ పోగులు మొదట్నుంచీ ఒకే వేగంతో పోలేదు, దార్లో వేగం పెంచుకున్నాయి. మధ్యలో మిగిలిన పల్సర్, సెకనుకి 30 సార్లు తిరిగే ఆ గుండ్రటి బుల్లి భూతం, తన శక్తిని వాటిలోకి నెడుతూ ఉంది. అది మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఇమిడిపోతుంది, బరువు మాత్రం సూర్యుడి కంటే ఎక్కువ. అంటే ఏంటన్నమాట? శేషం తన పుట్టినరోజు తప్పు చెప్తుంది. మనకి సరైన తారీకు తెలిసింది కేవలం ఒక గుమాస్తా ఆ రోజు తెల్లారకముందే లేచి, ఆకాశం చూసి, రాసి పెట్టాడు కాబట్టి.

ఇప్పుడు ఫాదరీ దగ్గరికి వద్దాం. నెబ్యులా ఆధారాలతోనూ, ఆ మిగిలిన గ్రహం రాళ్ళ ఆధారంతోనూ తారీకుని చాలా కచ్చితంగా కట్టానంటాడు. ఆస్ట్రోఫిజిక్స్ పత్రికల్లో పేపర్లు రాసినవాడు ప్లస్సో మైనస్సో ఎంతో చెప్పడేం? పదేళ్ళా? ఎనభై ఏళ్ళా? ఒక మనిషి జీవితకాలపు విశ్వాసం కూలిపోతుంటే కథలో ఎక్కడా ఎర్రర్ బార్ లేదు.

సైన్స్ తెలిసిన స్నేహితులకి ఈ కథ ఇస్తే ఇలాంటివి ఇంకా చెప్తారు. పేలిన నక్షత్రం స్థానంలో క్లార్క్ ఒక శ్వేత కుబ్జాన్ని పెట్టాడు. భూమి కంటే చిన్నది, పది లక్షల రెట్లు బరువు. ఆ రోజుల్లో చాలామంది అలాగే అనుకునేవాళ్ళు. న్యూట్రాన్ నక్షత్రం ఉండొచ్చని బాడె, జ్విక్కీ 1934లోనే అన్నా, ఎవరూ చూడలేదు. జోసెలిన్ బెల్ మొదటి పల్సర్ సంకేతాన్ని పట్టుకున్నది 1967లో, అంటే కథ వచ్చిన పన్నెండేళ్ళకి. కాబట్టి దాన్ని వదిలేయొచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. ఇలా కూలి పేలే నక్షత్రం సూర్యుడి కంటే కనీసం ఎనిమిది రెట్లు బరువుండాలి. అంత బరువున్నది గబగబా కాలిపోతుంది, మహా అయితే నాలుగు కోట్ల ఏళ్ళు. భూమ్మీద మనిషి రావడానికి 450 కోట్ల ఏళ్ళు పట్టింది. అంత తొందరగా చచ్చే సూర్యుడి చుట్టూ సంగీతం, శిల్పం, బీచిలో పిల్లలు పుట్టేంత టైమే ఉండదు. పోనీ రెండో రకం పేలుడు తీసుకుందామంటే, అందులో పేలేది శ్వేత కుబ్జమే. అది ఎప్పుడో ఉబ్బి తన గ్రహాలని కాల్చేసిన ముసలి నక్షత్రం, పేలాక మధ్యలో ఏమీ మిగలదు. ఎలా చూసినా క్లార్క్ గారి జాతికి ఆకాశంలో ఇల్లు దొరకడం దాదాపు అసాధ్యం.

ఇక్కడ నాకు ఒక తమాషా కనిపిస్తుంది. ఈ అభ్యంతరం కథని కొట్టేయడానికి పనికొస్తుందనుకుంటాం, కానీ నిజానికి ఇది ఫాదరీ చేతికి ఒక ఆయుధం ఇస్తుంది. 1955లో ఆయనకి లేని సమాధానం ఇవాళ ఉంది. పేలే నక్షత్రాల చుట్టూ మనుషులు పుట్టేంత వ్యవధి ఉండకుండా సృష్టి అమర్చి ఉంది చూశారా, దేవుడు దీపం అంటించాడు కానీ అందులో ఎవరూ లేరు, అని. ఇవాళ్టి ఫిజిక్స్ ఆయన విశ్వాసాన్ని కాపాడగలదు! క్లార్క్ బతికుంటే నవ్వుకునేవాడేమో.

అయితే అది సమాధానమేనా? నాకు అనిపించదు. ఎర్రర్ బార్ ఎనభై ఏళ్ళు ఉందనుకోండి. ఆ వెలుగు క్రీస్తు పుట్టిన ఏడు కాకుండా ఇంకెప్పుడో వచ్చిందనుకోండి. ఆ పిల్లలు చచ్చిపోలేదా? ఫాదరీ ప్రశ్న తారీకు మీద ఆధారపడి లేదు. ఏ తారీకున చచ్చినా అదే ప్రశ్న. తారీకు కలవడం వల్ల జరిగింది ఒక్కటే, ఆ ప్రశ్న ఆయన ఇంటి తలుపు తట్టింది. ఇంకెవరి దేవుడో కాదు, నీ దేవుడే, నీ పండగ కోసమే అని. ఆ కలయిక కథకి ఇంజను. కానీ కథ బరువు అక్కడ లేదు. ఫాదరీకి కూడా ఇది తెలుసని నా అనుమానం. తారీకు చెప్పకముందే, ఆ నేలమాళిగలోనే ఆయన సగం కూలిపోయాడు.

క్లార్క్‌తో నా అసలు పేచీ వేరే చోట. ఆ జాతి మరీ మంచిది. అందంగా ఉన్నారు, కళలున్నాయి, నగరాలు సొగసుగా ఉన్నాయి, చూడ్డానికి మనుషుల్లా ఉన్నారు. నౌకలో వాళ్ళు అంతకుముందు వేరే లోకాల్లో శిథిలాలు చూశారట, అవేవీ ఇంతగా కదిలించలేదట. ఎందుకు కదిలించలేదు? వాళ్ళకి బీచిలు లేవా? వాళ్ళు ఏ పాచి రంగులోనో ఉండి, కళలూ గిళలూ లేకుండా, ఒకళ్ళనొకళ్ళు పీక్కుతింటూ బతికినవాళ్ళైతే ఫాదరీ విశ్వాసం చెక్కుచెదరకుండా ఉండేదా? ఇక్కడ క్లార్క్ త్రాసులో తన వైపు వేలు పెట్టి నొక్కాడు. మంచివాళ్ళు చస్తే అన్యాయం, మామూలువాళ్ళు చస్తే వార్త అన్న లెక్క మనకి పేపర్లో రోజూ కనిపించేదే. ఇంత తెలివైన కథ ఆ లెక్కని ప్రశ్నించకుండా వాడుకోవడం నాకు నచ్చలేదు.

ఇదే పేరుతో హెచ్.జి. వెల్స్ 1897లో ఒక కథ రాశాడు. అదీ ‘ది స్టార్’. ఎక్కణ్ణించో వచ్చిన ఒక గోళం నెప్ట్యూన్‌ని గుద్ది, రెండూ ఒకటై మండుతూ సూర్యుడి వైపు పడుతూ మన పక్కనుంచి పోతాయి. వరదలు, భూకంపాలు, లెక్కలేనంతమంది చావు. అక్కడా ఒక లెక్కల మాస్టారు ఉంటాడు. రాత్రంతా కూర్చుని లెక్క కట్టి, అది వచ్చేస్తోందని తేల్చుకుని, కిటికీలోంచి దాన్ని చూసి భయపడడు సరికదా, నువ్వు నన్ను చంపొచ్చేమో కానీ నా బుర్రలో పట్టావు అన్నట్టు గర్వపడతాడు. ఒకే పని చేసిన ఇద్దరు మనుషులు. వెల్స్ మాస్టారుకి లెక్క కట్టగలగడమే గెలుపు. అరవై ఏళ్ళ తర్వాత వచ్చిన ఫాదరీకి లెక్క కట్టగలగడమే శిక్ష. ఆ మధ్యలో రెండు ప్రపంచ యుద్ధాలు, హిరోషిమా ఉన్నాయి. సూర్యుడిలో నడిచే మంటని మనుషులు బాంబులో పెట్టి చూసుకున్నాక వచ్చిన కథ క్లార్క్‌ది.

వెల్స్ కథ ముగింపు ఇంకా కఠినం. అంగారక గ్రహం మీది శాస్త్రవేత్తలు దూరం నుంచి భూమిని చూసి, పెద్ద నష్టమేం జరగలేదే, ధ్రువాల దగ్గర తెల్ల మచ్చలు కాస్త తగ్గాయి అని రాసుకుంటారు. అంతే. ఎవరు మంచివాళ్ళు, ఎవరు అందగాళ్ళు అన్న ఊసే లేదు. క్లార్క్ నేలమాళిగ తలుపు తీసి మనల్ని లోపలికి తీసుకెళ్తే, వెల్స్ తలుపు అసలుందనే చెప్పడు. చదువుతున్నప్పుడు క్లార్క్ ఎక్కువ ఏడిపిస్తాడు. పదేళ్ళ తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు గుర్తొచ్చేది మాత్రం వెల్స్ మార్షియన్లే. నా అనుభవం ఇది, అందరికీ ఇలాగే ఉండాలని లేదు.

క్లార్క్ కథని 1985 డిసెంబరులో ‘ట్విలైట్ జోన్’ టీవీ సీరియల్‌కి తీశారు. క్రిస్మస్ వారం. అందుకే కాబోలు ముగింపు మార్చారు. ఫాదరీ కుప్పకూలాక, ఆ నేలమాళిగలో దొరికిన కవిత ఒకటి వినిపిస్తారు. మా కోసం ఏడవకండి, మేం వెలుగు చూశాం, బాగానే బతికాం, మీరు బతకండి అన్న ధోరణి. ఫాదరీ తేరుకుంటాడు, ప్రేక్షకుడు కేకు కోసుకోవచ్చు. దీన్ని మెచ్చుకున్నవాళ్ళున్నారు. చచ్చినవాళ్ళకి నోరిచ్చారు కదా అని. నాకు మాత్రం ఒళ్ళు మండింది. చచ్చినవాళ్ళ చేత బతికినవాళ్ళకి క్షమాపణ పత్రం రాయించుకోవడం ఇది. ఫ్యాక్టరీలో పేలుడు జరిగితే, డ్యామ్ కింద ఊళ్ళు మునిగితే, పోయినవాళ్ళ తరఫున ‘వాళ్ళ త్యాగం వృథా కాదు’ అని మైకులో ఎవరో ఒకరు చెప్పేస్తారే, అచ్చం అదే. ఆ ఊరివాళ్ళని త్యాగం చేస్తారా అని ఎవరూ అడిగుండరు. క్లార్క్ కథలో ఆ జాతి మనల్ని క్షమించదు, నిందించదు. తమ బొమ్మలు పెట్టి పోయింది, అంతే. ఏం అనుకోవాలో మన ఖర్మ. ఆ మౌనం విలువ టీవీవాళ్ళకి తెలియలేదు.

ఇక నక్షత్రధూళి సంగతి. కథలో దీనికి సమాధానం ఉందని నాకు మూడోసారి చదివినప్పుడుగానీ పట్టుబడలేదు. ఫీనిక్స్ అన్న పేరు గురించి ఫాదరీ విసుక్కుంటాడు. ఎవరు పెట్టారో గానీ చెడ్డ పేరు అంటాడు. బూడిదలోంచి మళ్ళీ పుట్టే పక్షి కదా అది. ఆ పేరులో ఏదైనా జోస్యం ఉంటే అది నిజమో కాదో తేలడానికి కొన్ని వందల కోట్ల ఏళ్ళు పడుతుంది అని ఒక చురక వేసి ముందుకెళ్ళిపోతాడు. అవును, ఆ శేషం చల్లారి, వేరే మబ్బులో కలిసి, ఆ మబ్బు ముద్దగట్టి, కొత్త సూర్యుడై, కొత్త రాళ్ళై, ఆ రాళ్ళ మీద ఎవరో ఒకరు ‘మేం నక్షత్రధూళి’ అని రాసుకోవచ్చు. ఆ రాసుకునేవాళ్ళకి అది ఓదార్పు. పేలుడులో పోయినవాళ్ళకి ఓదార్పు కాదు. టీషర్టు ఎవరు తొడుక్కున్నారన్నదే తేడా.

దీనికి కల్పన కూడా అక్కర్లేదు. పసిఫిక్ సముద్రం అడుగున రాతి పొరల్లో ఇనుము-60 అనే రకం ఇనుము దొరికింది. దాని అర్ధాయువు 26 లక్షల ఏళ్ళు. భూమి పుట్టినప్పుడు ఉన్నదైతే ఎప్పుడో హరించుకుపోయేది. కాబట్టి అది తర్వాత పైనుంచి పడింది. సుమారు 20, 30 లక్షల ఏళ్ళ క్రితం, మనకి కొన్ని వందల కాంతి సంవత్సరాల దూరంలో ఏదో నక్షత్రం పేలి, దాని పొడి వచ్చి మన సముద్రాల్లో రాలింది. అప్పటికి ఆఫ్రికాలో మన పూర్వీకులు రెండు కాళ్ళ మీద నడుస్తున్నారు. అది ఇంకా బాగా దగ్గర్లో పేలుంటే ఈ వ్యాసమూ లేదు, మీరూ లేరు. ఆ శేషం మన నేలమాళిగలోనే ఉంది, మనం ఈసారికి బయటివాళ్ళం.

ఎవరైనా ఈ కథని తెలుగు చేస్తే బాగుణ్ణనిపిస్తుంది. కానీ రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి పేరు. ‘నక్షత్రం’ అంటే పంచాంగం గుర్తొస్తుంది, ‘తార’ అంటే సినిమా. ‘చుక్క’ అంటే బావుంటుందని నా ఓటు. పోయినవాళ్ళు చుక్కలయ్యారని పిల్లలకి చెప్తాం కదా, ఈ కథ ఆ మాటని తిరగేసి, చుక్కే పోతే ఎవరెవరు పోయారు అని అడుగుతుంది. రెండోది ఆఖరి వాక్యం. అది దేవుణ్ణి అడిగే ప్రశ్న. ఇంగ్లీషులో దాని చిట్టచివరి మాట బేత్లెహేము. అంతవరకూ పాఠకుడికి ఏ తార అన్నది తెలియదు, ఆ ఒక్క మాటతో కథ మొత్తం వెనక్కి వెలుగుతుంది. తెలుగులో క్రియ చివర ఉండాలి. ‘బేత్లెహేము మీద వెలగడానికా’ అంటే ఊరి పేరు ముందే పడిపోయి, దెబ్బ తగిలాక ఇంకో రెండు మాటలు మిగిలిపోతాయి. వాక్యాన్ని తలకిందులు చేసి ఊరి పేరుని చివరికి లాగితే అనువాదం వాసన కొడుతుంది. రెండు వాక్యాలుగా విరగ్గొట్టి, రెండోదాంట్లో ఊరి పేరొక్కటే ఉంచితే? దానికి ముందు వాక్యంలో ‘ఎక్కడ’ అన్న ప్రశ్న పెట్టాలి, అది క్లార్క్ పెట్టలేదు. నేను రెండు మూడు రకాలుగా రాసి చూశాను, ఇంకా కుదరలేదు. మీలో ఎవరికైనా కుదిరితే చెప్పండి.